నైవేద్యానికి ముందే తీసిన గిన్నె

మా అమ్మాయికి జీడిపప్పు పడదని నేను నమ్మడానికి చాలా కాలం పట్టింది. నమ్మిన తరువాత ఇంకొకరిని నమ్మించడం నా వల్ల కాలేదు.

ఎనభైల నడుమ ఖరగ్‌పూర్‌లో, రైల్వే వర్క్‌షాపుకు అనుబంధంగా ఉన్న ప్రయోగశాలలో నేను పనిచేసేదాన్ని. ఇంజన్లలో పోసే నూనెలు, బాయిలర్లకు వెళ్లే నీరు మా బల్లల మీదికి వచ్చేవి. పీపా మీద ఏమి రాసి ఉన్నా మాకు అనవసరం. సీసాలోకి పట్టి, కాచి, తూచి, చూసినదే రాయాలి. ఆ స్వభావం నాకు ఉద్యోగంతో వచ్చింది కాదు. చదువుకునే రోజుల నుంచీ ఉన్నదాన్నే ఉద్యోగం ముదరబెట్టింది. నా భర్త గూడ్సు గార్డు. నెలలో సగం రోజులు లైను మీదే ఉండేవారు. క్వార్టరులో నేను, అమ్మాయి, మా అత్త. అత్త తండ్రి కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన క్రైస్తవ కుటుంబం మాది.

అత్త తరఫు బంధువులు పలాస దగ్గర ఉండేవారు. ఎప్పుడు వచ్చినా సంచిలో జీడిపప్పు లేకుండా వచ్చేవారు కాదు. అమ్మాయికి మూడేళ్లప్పుడు ఒకసారి జీడిపప్పు పాకం తెచ్చారు. చిన్న ముక్క నోట్లో పెట్టుకున్న కాసేపటికే పిల్ల పెదవులు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, తిన్నదంతా కక్కేసింది. సాయంత్రానికి తగ్గిపోయింది.

“కడుపులో పురుగులే. దానికేటి, అంత బెంగెట్టుకుంతావు,” అంది అత్త.

నాకు పురుగుల మీద నమ్మకం కలగలేదు. అలాగని జీడిపప్పు మీదా కలగలేదు. బెల్లం కావచ్చు, నెయ్యి కావచ్చు, ప్రయాణంలో సంచికి అంటిన మరేదైనా కావచ్చు. ఏడాది గడిచాక చర్చిలో ఒక పెళ్లి భోజనంలో బిరియానీ తిని మళ్లీ ఉబ్బింది. ఈసారి ఊపిరిలో పిల్లికూతలు కూడా వచ్చాయి. అప్పుడు నేను పనిలోకి దిగాను. ఆ రెండు భోజనాల్లో ఉన్న వస్తువులను ఒక్కొక్కటిగా విడదీసి, మధ్యలో ఎడం ఇచ్చి, కొద్దికొద్దిగా పెట్టి చూశాను. నెయ్యి ఏమీ చేయలేదు. బెల్లం ఏమీ చేయలేదు. వేరుశనగ, కొబ్బరి, గుడ్డు, పాలు, మసాలాలు, వేటికీ పిల్ల చర్మం మీద చుక్క కూడా లేవలేదు. ఇక మిగిలింది జీడిపప్పు. మిగిలిపోవడం, రుజువు కావడం ఒకటి కావని నాకు తెలుసు. ఆ తేడాయే ఆ తరువాతి రెండేళ్లూ నన్ను నిలువనివ్వలేదు.

రైల్వే ఆసుపత్రిలో పిల్లల వైద్యుడు బెంగాలీ. ఓపిక గల మనిషి, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పేవాడు కాదు. మేము హిందీలో మాట్లాడుకునేవాళ్లం.

“రెండుసార్లు జరిగింది, ఒప్పుకుంటాను,” అన్నాడు. “రెండుసార్లూ కాజూ ఉంది. కానీ రెండుసార్లూ నెయ్యి కూడా ఉంది కదా, దీదీ?”

“నెయ్యి విడిగా పెట్టి చూశాను.”

“కాజూ విడిగా పెట్టి చూశారా?”

“లేదు.”

“మరి నన్ను ఏమి రాయమంటారు?”

ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. చేయవలసిన పరీక్ష ఒక్కటే మిగిలింది, దాన్ని చేయడానికి నా చెయ్యి రాలేదు. మొదటిసారి పెదవులు, రెండోసారి ఊపిరి. మూడోసారి ఏమిటో తెలుసుకోవాలన్న కుతూహలం నాలోని శాస్త్రవేత్తకు కూడా లేకపోయింది. ఊరి అవతలి విద్యాసంస్థ గ్రంథాలయంలో తెలిసిన వారి ద్వారా ఒక వైద్య గ్రంథం చూశాను. ఆహారం పడకపోవడం గురించి అందులో ఒక పేరా ఉంది; గింజల వల్ల మరణాలు కూడా సంభవించవచ్చని ఒక వాక్యం. ఆ వాక్యానికి ఆధారం ఇవ్వలేదు. ఆధారం లేని వాక్యాన్ని చదివి అంతగా వణికిపోవడం నాకు అదే మొదటిసారి.

వైద్యుడు దురదకు మాత్రలు రాశాడు. ఊపిరి అందకపోతే ఆలస్యం చేయకుండా ఎత్తుకు రమ్మన్నాడు. ధ్రువపత్రం ఇవ్వలేదు.

బడిలో చేర్చేటప్పుడు హెడ్‌మిస్ట్రెస్‌కు సంగతి చెప్పాను. ఆవిడా బెంగాలీయే, తూచి మాట్లాడే మనిషి. “ఠీక్ హై, డాక్టరు కాగితం తెండి,” అన్నది. కాగితం లేదన్నాను. “కాజూ పెట్టే స్తోమత ఇక్కడ ఎవరికి ఉంది, దీదీ? పిల్లలు తెచ్చుకునేది రొట్టె, ఆలూ, మరమరాలు,” అన్నది. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దామని ఒకరోజు సెలవు పెట్టి, టిఫిను వేళ గేటు దగ్గర నిలబడ్డాను. చాలావరకు నిజమే. కానీ ఒక అమ్మాయి డబ్బాలో గోల్‌బజార్ మిక్చర్ ఉంది, ఆ మిక్చర్‌లో తెల్లని పప్పు బద్దలు కనిపించాయి. ఆ పిల్ల అందరికీ పిడికిట్లో పెట్టి పంచుతోంది.

మా అమ్మాయికి ఒక్కటే నేర్పాను: ఇంటి డబ్బాలోది తప్ప ఏదీ నోట్లో పెట్టకూడదు. పిల్ల మాట వినేదే. కానీ వద్దన్నప్పుడల్లా ఎందుకు వద్దని పది నోళ్లు అడిగేవి. జబ్బు అంటే నవ్వేవారు. పప్పు తింటే జబ్బేమిటని ఒక పిల్ల పప్పుబద్ద తీసి దాని పెదవులకు ఆనించబోయిందట.

క్లాసు టీచరు తెలుగావిడ. గోల్‌బజార్‌లో కిరాణా కొట్టు నడిపే హిందూ కుటుంబం వాళ్లది. వాళ్లదీ మా వైపు తీరమే. నన్ను అక్కా అని పిలిచేది. ఆ ఏడు బడిలో సరస్వతీ పూజ జరిగినప్పుడు మా అమ్మాయి ప్రసాదం వద్దన్నది. పిల్లలు ముక్కున వేలేసుకున్నారు, వంట దీదీ కోపగించింది. ఈ టీచరే మధ్యలోకి వచ్చి, “వాళ్లు క్రిస్టియన్లు. వాళ్ల నియమం అది, బలవంతం చెయ్యొద్దు,” అని అందరికీ చెప్పిందట. అంతటితో గొడవ ఆగిపోయింది. మరునాటి నుంచి పుట్టినరోజు మిఠాయి వచ్చినా, ఇంకేది వచ్చినా, మా అమ్మాయిని ఎవరూ అడగలేదు.

“క్రిస్టియనంటే సాలమ్మా, ఎవులూ ఏటీ అనరు,” అంది అమ్మాయి సంబరంగా.

నేను మరుసటి రోజే టీచరు దగ్గరికి వెళ్లాను.

“టీచరమ్మా, మా పిల్ల తిననిది మతం వల్ల కాదు. జీడిపప్పు దానికి పడదు. ఊపిరి ఆగిపోతాది.”

ఆవిడ నవ్వింది. “తెలుసక్కా. మీరు మొగమాటానికి అలగంతన్నారు. మా పెసాదం మీకు కూడదని సెప్తే మేం బాదపడతామనీసి. నాకేటి బాద? మా కొట్టు పక్కనే మీ చర్చోళ్లు రెండిళ్లు. నాకు తెల్దేటి?”

“మొహమాటం కాదమ్మా. నిజంగానే జబ్బు.”

“సరే అక్కా, జబ్బే. మీరెలా అంటే అలగే.” అని నా చెయ్యి నొక్కింది.

ఆ తరువాత మరో రెండుసార్లు చెప్పాను. నేను వైద్యం గురించి ఎంత వివరంగా చెబితే, నేను అంత మర్యాదస్తురాలినని ఆవిడ అంతగా అనుకునేది.

ఇంట్లో అత్త తీర్పు వేరు. “మంచిదే కదేటే. జబ్బని సెప్పినావు, ఒక్కరిన్నారేటి? ఏసయ్య పేరు సెప్పీసరికి ఊరంతా ఇన్నాది.”

“కారణం తప్పు, అత్తా. కారణం తప్పయితే ఎక్కడో ఒక దగ్గర కాపు కాయదు.”

“నీ లేబరేటరీ మాటలు నాకాడ సెప్పకు.”

చర్చిలోనూ నాకు ఊరట లేదు. క్రిస్మస్ కేకు ముక్కను పిల్లకు పెట్టబోయిన పెద్దావిడను ఆపితే, “పార్దన సేసినదమ్మా, ఏటవద్ది?” అన్నది. బడిలో వంట దీదీ అన్నదీ అక్షరాలా అదే: ఠాకూర్, అంటే దేవుడి ప్రసాదం ఎవరికీ కీడు చేయదని. రెండు మతాలవాళ్లూ ఒకే మాట మీద నిలబడ్డారు. అది పరీక్షకు నిలిచే మాటో కాదో తేల్చేందుకు వాళ్ల చేతిలో ఉన్న పరికరం మాత్రం నా బిడ్డ ఒక్కతే.

రెండో ఏడు పూజ వచ్చింది. ఆడపిల్లలంతా పసుపుపచ్చ చీరలు చుట్టుకుని వెళతారు. మా అమ్మాయి వారం రోజులు వెంటబడింది. కిందటేడు ఏమీ జరగలేదు. వద్దంటే ఎవరూ బలవంతం చేయరన్నది కళ్లారా చూసిన విషయం. అత్త పాత చీర చింపి, కుట్టి కట్టింది. డబ్బాలో ఇంట్లో చేసిన పులిహోర పెట్టి పంపాను. నేను ప్రయోగశాలకు వెళ్లాను.

మధ్యాహ్నం కాకముందే ఆసుపత్రి నుంచి రైల్వే ఫోను వచ్చింది. ఏమి చెప్పారో సగమే విన్నాను. వర్క్‌షాపు గేటు నుంచి ఆసుపత్రి దాకా రిక్షాలో వెళ్లిన దారి నాకు గుర్తులేదు. వార్డులో ఉన్న పిల్లను ముందు గుర్తుపట్టలేదు. కళ్లు రెండు గీతలైపోయాయి. మంచం పక్కనున్న బల్ల మీద సూది, ఖాళీ అయిన చిన్న సీసా. ఛాతీ లోపలికి పీక్కుపోతూ పైకి లేస్తోంది. ప్రతిసారీ అది మళ్లీ లేస్తుందా అని చూస్తూ నిలబడ్డాను. పెదవుల రంగు బూడిదలా ఉంది. ఆ వైద్యుడే దాని పక్కన కూర్చుని మణికట్టు పట్టుకుని ఉన్నాడు, నా వైపు చూడలేదు. మరో సూది వేశాడు. చాలాసేపటికి పిల్ల గొంతులో కూత పలచబడింది. అప్పుడు ఏడ్చింది. ఏడవడానికి సరిపడా గాలి దానికి అందుతోందని ఆ ఏడుపు వల్ల తెలిసింది.

టీచరు వసారాలో గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. పిల్లను ఒడిలో వేసుకుని రిక్షాలో తెచ్చింది ఆవిడే. చీర మీదంతా పిల్ల కక్కిన పాయసం.

“పెసాదం పెట్లేదక్కా,” అంది నన్ను చూసి. “ఒట్టు. అమ్మోరికాడ పెట్టకముందే వేరే గిన్నెలోకి తీసీసినాను, మీ పిల్లకని. పాపం పిల్లలందరూ తింతంటే అదొక్కత్తీ డబ్బా ముందర కూకుంటాది. పూజ కానిది, నైవేద్యం కానిది. మీకు కూడని దోసం దాంట్లో లేదక్కా.”

“జీడిపప్పు వేశారా?”

“ఎయ్యలేదు. మీ మాట గుర్తుంది నాకు. దీని గిన్నెలో పైన పప్పులెయ్యలేదు. పిల్ల కూడా అడిగినాది, జీడిపప్పుందా టీచర్ అని. సూసుకో అమ్మా, ఎక్కడైనా కనబడతందేటి అన్నాను. అదీ గరిటెతో కలిపి సూసుకున్నాది.”

“పాలు ఏం పెట్టి చిక్కచేశారు?”

ఆవిడ తన చీర మీది పాయసం వైపు చూసుకుంది.

“నూక,” అంది. “మా కొట్టులోది. పలాస నుంచి వస్తాది కదా, ఇరిగిపోయిన జీడిపప్పు నూక. అది రుబ్బి పాలల్లో కలిపితే చిక్కగొస్తాదనీసి. అది పప్పులెక్కేటక్కా? అది పేస్టు.”

నేను ఆవిడ మీద అరవలేదు. అరవడానికి కావలసిన తప్పు ఆవిడలో వెతికాను, దొరకలేదు. నేను చెప్పినదాంట్లో తనకు అర్థమైన ప్రతి మాటనూ ఆవిడ పాటించింది. దేవుడికి చూపించని గిన్నె, పైన పప్పులు వేయని గిన్నె. ఒకే కుండలో మరిగిన పాయసం నైవేద్యానికి ముందు ఒకటి, తరువాత ఒకటి అవుతుందని ఆవిడ నిజంగా నమ్మింది. ఆ నమ్మకంలోని దయకే నా బిడ్డ మొహం అలా వాచిపోయింది.

పిల్లను ఇంటికి పంపే రోజున వైద్యుడు నేను అడగకుండానే ధ్రువపత్రం రాశాడు. జీడిపప్పు, దాని పేస్టు, పొడి ఏ రూపంలోనూ తగలరాదు, ప్రాణాపాయం అని స్పష్టంగా రాశాడు.

“ఇప్పుడు రాయగలను, దీదీ,” అన్నాడు. ఆయన గొంతులో సంతోషం లేదు.

నేను చేయలేనన్న పరీక్షను వేరొకరు చేసి పెట్టారు. ఫలితం నా చేతిలో ఉంది. దాన్ని తీసుకుని హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళ్లాను. ఇక ఎవరూ నన్ను కాదనలేరనుకున్నాను.

ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, బల్ల మీద పెట్టి, అరచేతితో సాఫు చేసింది.

“ప్రాణాపాయం అని డాక్టరే రాశాడు. ఇంతమంది పిల్లల మధ్య నేను ఈ బిడ్డను ఎలా ఉంచుకోను, మీరే చెప్పండి?”

“ప్రమాదం మొన్నా ఇంతే ఉంది. మీరు ఉంచుకున్నారు.”

“మొన్న నాకు తెలియదు. ఇవాళ తెలుసు.”

“తెలిసినవాళ్లే కదా కాపాడగలరు.”

“దీదీ, నేను కాపాడలేను. నాకు ఉన్నది ఇద్దరు ఆయాలు. రేపు ఏదైనా అయితే ఈ కాగితం ముందు నేను ఏమని నిలబడను?”

టీచరు లోపలికి వచ్చి, పిల్లను తన పక్కనే కూర్చోబెట్టుకుంటానని, టిఫిను తానే విప్పి పెడతానని బతిమాలింది. హెడ్‌మిస్ట్రెస్ ఆవిడ వైపు చూసి, “నువ్వా?” అని మాత్రం అన్నది. టీచరు తల దించుకుని వెళ్లిపోయింది.

తరువాతి నెలల్లో ధ్రువపత్రం పట్టుకుని మరో రెండు బడులు ఎక్కాను. ఒకచోట చదివిన వెంటనే సీట్లు లేవన్నారు. ఇంకొకచోట ఇంటి మనిషి ఒకరు రోజంతా వసారాలో కూర్చుంటే చూద్దామన్నారు. అత్తకు మోకాళ్లు వంగవు, అయినా కూర్చుంటానంది. మూడో రోజున రిక్షా దిగుతూ పడింది. ఆ బడీ అక్కడితో సరి. ఉద్యోగం మానేయాలా అని ఆలోచించాను. మానేసినా బడి దొరకదు కదా. అమ్మాయి రోజూ ఉదయం పాత యూనిఫారం వేసుకుని, వసారాలో కూర్చుని, మా క్వార్టర్ల పిల్లలు వెళ్లడం చూసేది. వాళ్లు కనుమరుగయ్యాక లోపలికి వచ్చి యూనిఫారం మడత పెట్టుకునేది. నాకు ఆ మడత చూడటం చేతనయ్యేది కాదు.

ఒక ఆదివారం నేను నాకు అలవాటైన పద్ధతిలో జరిగినదంతా విప్పుకుని చూసుకున్నాను. జబ్బు అని చెప్పినప్పుడు సాక్ష్యం అడిగారు. సాక్ష్యం ఇచ్చినప్పుడు బయటికి పంపారు. నియమం అన్నప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు, ఎవరూ బలవంతం చేయలేదు, ఒక ఏడాది పాటు పిల్ల క్షేమంగా ఉంది. ఆ నియమానికి ఉన్న కన్నం ఒక్కటే: దేవుడి ముందు పెట్టని తిండి అందులో నుంచి దూరిపోయింది. కన్నం లేని నియమం కావాలి. అది తినే వస్తువు గురించి కాక, పెట్టే చేతి గురించి ఉండాలి.

“మొక్కేటే?” అంది అత్త, నేను చెప్పింది విని. “మనోళ్లకి మొక్కులేటి? పాస్టరు గారింటే ఏటంతారు?”

“వినరు.”

“అబద్దం కదేటే.”

“అబద్ధమే.”

“నాను ఎవులికీ సెప్పను,” అంది అత్త.

నిమ్‌పురా వైపు ఒక చిన్న హిందీ బడి ఉంది. హెడ్‌మాస్టరు బిహారు నుంచి వచ్చిన పెద్దమనిషి. ధ్రువపత్రాన్ని నేను ఇంట్లోనే వదిలి వెళ్లాను. పిల్ల పుట్టినప్పుడు మొక్కుకున్నామని, అది పెద్దదయ్యేదాకా తల్లి వండి పెట్టినది తప్ప మరే చేతి తిండీ, మిఠాయీ, ప్రసాదమూ, ఎంగిలీ ముట్టకూడదని చెప్పాను.

“మన్నత్ ఎందుకోసం?” అని అడిగాడు.

“బిడ్డ ప్రాణం కోసం.”

ఆ గదిలో నేను చెప్పిన మాటల్లో పరీక్షకు నిలిచేది అదొక్కటే.

ఆయన చేతులు జోడించాడు. ఆయాను పిలిచి, “ఈ బిటియాకు ఎవరూ ఏమీ పెట్టకూడదు. వేరేగా కూర్చోబెట్టు, తిన్నాక చేతులు కడిగించు. మన్నత్ తెగితే పాపం మనకు చుట్టుకుంటుంది,” అన్నాడు. ఆయా భయంగా తల ఊపింది. ఏ బడిలోనూ నేను బతిమాలి తెచ్చుకోలేకపోయిన ఏర్పాట్లన్నీ ఆయన నేను అడగకముందే చేసేశాడు. సోమవారం నుంచి పంపమన్నాడు.

తిరుగు రిక్షాలో అమ్మాయి నా పక్కన కూర్చుంది.

“మనం ఎప్పుడు మొక్కినామమ్మా?”

“మొక్కలేదు. ఎవరైనా ఏదైనా పెడితే, మొక్కు ఉందని సెప్పు. జబ్బని సెప్పకు.”

“మరి ఊపిరాడకపోతే? అప్పుడు కూడా మొక్కనే సెప్పాలా?”

రిక్షా పట్టాల గేటు దగ్గర ఆగింది. ఆ బడిలో దానికి ఏమైనా అయితే ఏమి చేయాలో తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ తెలియకపోవడమే మాకు సీటు ఇచ్చింది. వెనక్కి వెళ్లి నిజం చెబితే సోమవారం ఉండదు.

“అప్పుడు మొక్కు మాటెత్తకు. ఆస్పత్రి అని సెప్పు. గట్టిగా సెప్పు.”

“గొంతు రాకపోతే?”

గూడ్సు బండి పెట్టెలు ఒకదాని వెనక ఒకటి వెళుతున్నాయి. నేను దాని కుడిచెయ్యి తీసి మెడ మీద పెట్టాను, ఎడమచెయ్యి చాచి దారి వైపు చూపించాను. ఇలా చెయ్యమన్నాను. ఆయా కొంగు పట్టుకుని ఇలా చెయ్యాలన్నాను. అమ్మాయి చేసి చూపించింది. చెయ్యి ఇంకా పైకి ఎత్తమన్నాను, దూరం నుంచి చూసినా కనిపించాలన్నాను. మళ్లీ చేసింది. గేటు తెరిచారు, రిక్షా కదిలింది. ఇంటికి చేరేదాకా దాని చేత మళ్లీ మళ్లీ అదే చేయించాను.